పెళ్లి చేసుకోని కీర్కెగార్డ్ జడ్జి విలియం చేత పెళ్లిని అంతగా ఎందుకు సమర్థింపజేశాడు?

సగంపేజీ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. డెన్మార్క్ తత్వవేత్త కీర్కెగార్డ్ రాసిన ‘ఐదర్/ఆర్’ (ఇదో, అదో) రెండు భాగాలూ పోయిన వారమే పూర్తి చేశాను. మూడు నెలలు పట్టింది. చదివినంతసేపూ ఒక ప్రశ్న తొలుస్తూనే ఉంది. నాకు తెలిసినవాళ్లలో ఇది చదివినవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను, కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

పుస్తకం తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది 1843 ఫిబ్రవరిలో కోపెన్‌హేగన్‌లో అచ్చయింది. పుస్తకం మీద కీర్కెగార్డ్ పేరు లేదు. విక్టర్ ఎరెమిటా అనే కల్పిత సంపాదకుడు ముందుమాటలో ఒక కథ చెబుతాడు. పాత సామాన్లు అమ్మేచోట ఒక రాతబల్ల చూసి మనసుపడి కొన్నాడట. ఒకరోజు ప్రయాణానికి తొందరపడుతుంటే డబ్బు పెట్టిన సొరుగు ఎంత లాగినా రాలేదట, కోపమొచ్చి గొడ్డలితో ఒక్కటి వేస్తే ఆ సొరుగు తెరుచుకోలేదు గానీ తనకే తెలియని రహస్య అర ఒకటి తెరుచుకుని అందులోంచి కాగితాలు బయటపడ్డాయట. అవి ఇద్దరు మనుషుల రాతలు. ఒకరి పేరు తెలియలేదు కాబట్టి ‘ఎ’ అన్నాడు. రెండో ఆయన ‘బి’, అసలు పేరు విలియం, కోర్టులో జడ్జి, పెళ్లైనవాడు, ‘ఎ’కి స్నేహితుడు. మొదటి భాగమంతా ‘ఎ’ వ్యాసాలు, చిన్న చిన్న ముక్కలు, మోట్సార్ట్ సంగీతం మీద ఒక పెద్ద వ్యాసం, చివర్లో ఒక అమ్మాయిని పథకం ప్రకారం మోహంలోకి లాగినవాడి డైరీ (అది తనది కాదంటాడు ‘ఎ’, తనకి దొరికిందంటాడు). రెండో భాగంలో జడ్జిగారు ‘ఎ’కి రాసిన రెండు పెద్ద ఉత్తరాలు, ఆ తర్వాత ఒక పాస్టర్ (చర్చి బోధకుడు) రాసిన ప్రసంగం ఉంటాయి.

నా ఇబ్బంది ఏంటంటే, ‘ఎ’ రాతలో మెరుపుంది. పెళ్లి చేసుకున్నా విచారిస్తావు, చేసుకోకపోయినా విచారిస్తావు అని వాడు తిప్పి తిప్పి చెబుతుంటే భయమేసింది, అంత నిజంగా అనిపించింది. జడ్జిగారి ఉత్తరాలు మొదలయ్యేసరికి ఒక పెద్దమనిషి కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని హితబోధ మొదలుపెట్టినట్టు ఉంది. కట్టుబడు, ఎంచుకో, నిలబడు అంటాడు. సరే, కానీ ఇది రాయించినవాడు ఎవరు? 1840 సెప్టెంబరులో రెగినె ఓల్సెన్‌తో పెళ్లి మాట ఖాయం చేసుకుని, 1841 ఆగస్టులో ఉంగరం తిప్పి పంపేసి, అక్టోబరులో పూర్తిగా తెంచేసుకుని, రెండు వారాలకే బెర్లిన్ వెళ్లిపోయి, అక్కడ కూర్చుని ఈ పుస్తకంలో చాలా భాగం రాసిన మనిషి. జన్మంతా పెళ్లి చేసుకోలేదు. మరి ఈ జడ్జి ఎవరు? కీర్కెగార్డ్ తాను నమ్మనిదాన్ని అతని నోట పెట్టాడా? లేక అతన్ని ఓడిపోవడానికే తయారుచేశాడా?

ఇది నాకు ఉత్త పుస్తకం ప్రశ్న కాదు. రెండేళ్లుగా ఒక మనిషికి సమాధానం చెప్పకుండా నాన్చుతున్నాను. అవును అనలేను, కాదు అనలేను. జడ్జి విలియం ఒకచోట ఓడ కెప్టెన్ పోలిక తెస్తాడు, మీకు గుర్తుండే ఉంటుంది, అది చదివాక పుస్తకం మూసేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. కాబట్టి ఈయన మాట నమ్మదగిందో కాదో నాకు నిజంగా తెలియాలి.

రాత్రిచదువరి:

సగంపేజీ గారూ, ఆ కెప్టెన్ పోలిక దగ్గరే మొదలుపెడదాం, ఎందుకంటే జడ్జి విలియం చెప్పేదంతా అందులో ఉంది. కెప్టెన్ ఓడని ఇటు తిప్పాలా అటు తిప్పాలా అని ఆలోచిస్తున్నాడు, బాగానే ఉంది, కానీ అతను ఆలోచిస్తున్నంతసేపూ ఓడ ఆగదు, అది తన వేగంతో పోతూనే ఉంటుంది, కాబట్టి ఇటా అటా అని అడగడానికి వీలున్న సమయం కొద్దిసేపే. అది దాటాక ఇక అతను ఎంచుకునేది ఏమీ ఉండదు, అతని బదులు వేరేవాళ్లో, వేరే శక్తులో ఎంచుకుని ఉంటాయి. మనం ఎప్పుడూ ఒడ్డున నిలబడి ఏ పడవ ఎక్కాలా అని చూస్తున్నామనుకుంటాం. అప్పటికే నడిమధ్యలో ఉన్నాం అని ఆయన చెబుతున్నాడు.

ఇంకో సంగతి, విలియంని పెళ్లి ప్రచారకుడిగా చదివితే నష్టపోతాం. పెళ్లి ఆయనకి తెలిసిన ఉదాహరణ, తాను బతుకుతున్న ఉదాహరణ. అసలు వాదన రెండో ఉత్తరంలో ఉంది. నా ‘ఇదో అదో’ మంచికీ చెడుకీ మధ్య ఎంపిక కాదు, మంచీ చెడూ అనేవి నా జీవితంలో లెక్కలోకి రావాలా వద్దా అనే ఎంపిక అంటాడు. ఈ తేడా పట్టుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ‘ఎ’ చెడ్డవాడు అని ఆయన ఎక్కడా అనడు. అబద్ధాలకోరు, దుర్మార్గుడు లాంటి మాటలు వాడడు. ‘ఎ’ ఇంకా ఆ ఆటలోకే దిగలేదు అంటాడు. వాడికి అన్నీ అవకాశాలే. తామరాకు మీద నీటిబొట్టులా దేనికీ అంటుకోకుండా జారుతుంటాడు, ఆ జారడాన్నే స్వేచ్ఛ అనుకుంటాడు.

ఎంచుకోవడం అంటే దేన్ని? తనని తాను. ఇక్కడ చాలామంది ఫ్రెంచ్ తత్వవేత్త సార్త్రని తెచ్చి కలిపేస్తారు. సార్త్ర 1945 నాటి ప్రసంగంలో మనిషి ముందు ఉంటాడు, తర్వాత తనని తాను తయారుచేసుకుంటాడు అన్నాడు. విలియం చెప్పేది అదే కాదు. నువ్వు నిన్ను గాల్లోంచి తయారుచేసుకోలేవు, ఈ తల్లిదండ్రులకి పుట్టి, ఈ కాలంలో పెరిగి, ఈ బుద్ధులతో, ఈ తప్పులతో ఉన్న ఈ మనిషినే మొత్తంగా నాదే అని ఒప్పుకుని తీసుకోవాలి అంటాడు. తనని తాను ఎంచుకోవడానికి ఆయన పెట్టిన ఇంకో పేరు పశ్చాత్తాపం. ఆ మాట చూసి మతం అనుకుని దాటేయకండి. అందులో ఉన్నది చాలా మామూలు విషయం, నేను చేసినదానికి నేనే బాధ్యుణ్ణి, పరిస్థితులు అలా వచ్చాయి అని చేతులు దులుపుకోను అనడం.

ఆ రెండో ఉత్తరంలోనే రోమన్ చక్రవర్తి నీరో గురించి కొన్ని పేజీలు ఉంటాయి, నాకు పుస్తకం మొత్తంలో అవే ఇష్టం. లోకంలో ఉన్న సుఖాలన్నీ చేతికి అందిన మనిషి, అయినా లోపల ఏదో బయటికి రావాలని తన్నుకుంటుంటే దాన్ని రానివ్వక కొత్త కొత్త వినోదాలతో మూసిపెట్టుకుంటూ, చివరికి ఎదుటివాడి కళ్లలో భయం చూస్తే గానీ ఊపిరాడని స్థితికి వస్తాడు. ‘ఎ’ నీరో అంత క్రూరుడు కాదు, విలియం అలా అనడం లేదు కూడా. కానీ ఆ దిగులు ఒకటే జాతి అంటాడు. ఏదీ మనస్ఫూర్తిగా కోరుకోకపోవడంలోంచి పుట్టే దిగులు. ఇది హితబోధలా లేదు నాకు. రోగిని బాగా ఎరిగిన వైద్యుడి మాటలా ఉంది.

ఎదురుగాలి:

పై సమాధానం బాగుంది కానీ విలియంకి మరీ పెద్దపీట వేశారు. ఆయన మీద నాకు గట్టి అభ్యంతరాలు ఉన్నాయి, చెప్పకుండా ఉండలేను.

మొదటిది చాలా పేరున్న అభ్యంతరమే. అలస్డేర్ మాకింటైర్ అనే తత్వవేత్త 1981లో వచ్చిన ‘ఆఫ్టర్ వర్చ్యూ’లో ఈ పుస్తకం మీద వేసిన ప్రశ్న. ‘ఎ’ దారీ విలియం దారీ రెండూ మన ముందు పెట్టి ఎంచుకో అన్నారు. దేన్ని బట్టి ఎంచుకోవాలి? నైతిక జీవితమే ఎంచుకోవడానికి విలియం ఇచ్చే కారణాలు ఇప్పటికే నైతికంగా ఆలోచించేవాడికే కారణాలుగా కనిపిస్తాయి. ‘ఎ’కి అవి కారణాలే కావు. అంటే ఈ ఎంపికకి ఆధారం ఏమీ లేదన్నమాట, ఊరికే తీసుకున్న నిర్ణయం. ఊరికే తీసుకున్న నిర్ణయానికి రేపు నన్ను కట్టిపడేసే అధికారం ఎక్కడినుంచి వస్తుంది? ఊరికే ఎంచుకున్నదాన్ని ఊరికే వదిలేయొచ్చు కదా?

రెండోది ఆయన భార్య. వందల పేజీలు పెళ్లి గురించి రాసిన మనిషి, భార్య పేరు చెప్పడు. ఆమె ఎంత మంచిదో, ఇల్లు ఎలా దిద్దుతుందో, తనకి ఎంత ఆసరాయో రాస్తాడు, ఆమె తరఫు మాట మనకి వినిపించదు. దానికి తోడు స్త్రీ విముక్తి మాట ఎత్తితేనే మండిపడతాడు. ఇద్దరు మనుషుల నిబద్ధత గురించి ఒక్కరే మాట్లాడుతుంటే నమ్మడం ఎలా? తన సౌఖ్యానికే కర్తవ్యం అని పేరు పెట్టుకున్నాడేమో అనిపిస్తుంది. ఫ్రెంచ్ రచయిత్రి సిమోన్ ద బోవా 1947లో ‘ద ఎథిక్స్ ఆఫ్ ఆంబిగ్యుటీ’ రాసినప్పుడు నా స్వేచ్ఛ నిజం కావాలంటే ఎదుటివాళ్ల స్వేచ్ఛని కూడా నేను కోరుకోవాలి అని ఎందుకు అంత నొక్కి చెప్పిందో విలియం ఇంటిని చూస్తే అర్థమవుతుంది.

మూడోది, కీర్కెగార్డే చివరి మాట విలియంకి ఇవ్వలేదు. ఆ చివర ఉన్న ప్రసంగం ఎవరిది? డెన్మార్క్‌లోని జట్లాండ్‌లో ఏదో మారుమూల ఉన్న పాస్టర్‌ది. దాని సారం ఏంటి? దేవుడి ఎదుట మనిషి ఎప్పుడూ తప్పే, ఆ ఆలోచనే మనిషిని నిలబెడుతుంది అని. తాను సరైన దారిలో ఉన్నానని అంత నిబ్బరంగా ఉన్న జడ్జిగారు ఆ ప్రసంగాన్ని నేను చెప్పాలనుకున్నది ఇందులో ఇంకా బాగా ఉంది అంటూ పంపిస్తాడు, అది తన కాళ్ల కింద నేలనే కదుపుతోందని ఆయనకి తెలిసిందో లేదో. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన ‘ఫియర్ అండ్ ట్రెంబ్లింగ్’లో దేవుడు అడిగాడని కొడుకుని బలివ్వబోయిన అబ్రహాం కథతో ఈ నైతికతకే పైన ఇంకోటి ఉండొచ్చా అని అడిగించాడు. అందుకే సగంపేజీ గారూ, విలియం మాట విని జీవితంలో పెద్ద నిర్ణయం తీసుకునే ముందు ఆగండి అనే చెబుతాను.

నడకదారి:

నేను తత్వశాస్త్రం చదువుకున్న మనిషిని కాదు, ఈ పుస్తకం రెండో భాగం మాత్రం రెండుసార్లు చదివాను, మొదటిసారి ఇరవై మూడేళ్లప్పుడు, రెండోసారి నలభై దాటాక. మొదటిసారి సగంపేజీ గారికి ఎలా అనిపించిందో నాకూ సరిగ్గా అలాగే అనిపించింది. విసుగు. రెండోసారి ఆ విసుగు గురించి విలియమే మాట్లాడుతున్నాడని కనిపించింది.

మొదటి ఉత్తరంలో ఒక మాట ఉంది, నా మాటల్లో చెబుతాను. గెలుచుకోవడం కథకి పనికొస్తుంది, నిలుపుకోవడం పనికిరాదు. వీరుడు అడవి మృగాలతో, రాక్షసులతో పోరాడి రాకుమారిని గెలుచుకున్నాడు అంటే చిత్రకారుడు బొమ్మ వేయగలడు, కవి ఒక్క క్షణంలో బిగించి చూపించగలడు. పదిహేనేళ్లు రోజూ ఒకే మనిషి పక్కన ఓర్పుగా నిలబడిన మనిషిని ఎలా చూపిస్తారు? ఏ ఒక్క రోజు తీసి చూపించినా అందులో ఏమీ ఉండదు. ఆ మనిషి పోరాడేది కాలంతో. కాలంతో చేసే పోరాటం కాలంలోనే కనబడుతుంది, బొమ్మలో కనబడదు. గెలుచుకోవడానికి గర్వం చాలు, ఉంచుకోవడానికి వినయం కావాలి అని కూడా అంటాడు. అంటే విలియం రాత ‘ఎ’ రాతలా మెరవకపోవడం కీర్కెగార్డ్ చేతకానితనం కాదు. అదే మనిషి రెండూ రాశాడు, మెరిపించడం రాక కాదు కదా. మెరిసే రాతలో పట్టనిది ఒకటి ఉంది, దానికి ఇలాంటి నెమ్మదైన, చెప్పిందే చెప్పే గొంతు కావాలి అని ఎంచుకున్నాడు.

నా జీవిత భాగస్వామికి ఆరేళ్లుగా తగ్గని జబ్బు. వివరాలు వద్దు. ఒక్క మాట చెప్పగలను, మొదటి రోజు తీసుకున్న నిర్ణయం పెద్దదే కానీ అది నన్ను ఒక్కరోజు కూడా మోయలేదు. ప్రతి ఉదయం మళ్లీ తీసుకోవాల్సి వచ్చింది, కొన్ని ఉదయాలు తీసుకోలేకపోయాను, ఆ మధ్యాహ్నం తీసుకున్నాను. ఇది ఎవరైనా బయటినుంచి చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. పుస్తకాల్లో నాకు ఇది కనబడిన చోటు విలియం ఉత్తరమే.

ఎదురుగాలి గారు అడిగిన ‘రేపు నన్ను కట్టిపడేసే అధికారం ఎక్కడిది’ అన్న ప్రశ్నకి కూడా నాకు విలియం చిన్నప్పటి సంగతే గుర్తొచ్చింది. ఐదేళ్ల వయసులో బడిలో వేశారు, రేపటికి పాఠ్యపుస్తకంలోంచి పది వరుసలు అప్పజెప్పాలి అన్నారు. ఆ రోజు లోకంలో వేరే పనే లేనట్టు, భూమీ ఆకాశమూ తలకిందులైనా ఆ పది వరుసలు రావాల్సిందే అన్నట్టు అనిపించింది అంటాడు. కర్తవ్యాలు ఎన్ని అన్నది కాదు, కర్తవ్యం అనేదాన్ని ఒక్కసారైనా అంత గాఢంగా అనుభవించడమే ముఖ్యం అంటాడు. ఆ పిల్లవాడు కారణాలు బేరీజు వేసి పది వరుసలు ఎంచుకోలేదు. అలాగని అది ఊరికే కూడా కాదు.

రాత్రిచదువరి:

నడకదారి గారూ, మీరు రాసింది చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. ధన్యవాదాలు.

మాకింటైర్ అభ్యంతరం గురించి కాస్త. ఆ ప్రశ్నలో ఒక ఊహ దాగి ఉంది, ఎంచుకునే మనిషి రెండు దారులకీ సమానదూరంలో ఖాళీగా నిలబడి ఉన్నాడని. విలియం ఎక్కడా అలా అనుకోడు. ‘ఎ’ ఖాళీగా లేడు, ఇప్పటికే ఒక రకంగా బతుకుతున్నాడు, ఆ బతుకు వాడి సొంత కొలతల ప్రకారమే విఫలమవుతోంది. సుఖం కోసం బతికేవాడికి సుఖం లేదు, స్వేచ్ఛ కోసం బతికేవాడు ఏ క్షణం మనసు ఎలా ఉంటే అలా కొట్టుకుపోతున్నాడు. అందుకే విలియం సలహా వింతగా ఉంటుంది, నిరాశ పడు, పూర్తిగా పడు అంటాడు. వాడు ఎలాగూ నిరాశలోనే ఉన్నాడు, తెలివితో దాన్ని కప్పుకుంటున్నాడు. దాన్ని ఒప్పుకుంటే అప్పుడు ఎంపిక మొదలవుతుంది. కాబట్టి బయటినుంచి ఆధారం లేకపోవచ్చు, లోపలినుంచి ఉంది.

ఇంకోటి, ఇది ఎవరూ పెద్దగా చెప్పగా నేను చూడలేదు. మొదటి భాగంలో ‘పంట మార్పిడి’ అని ఒక వ్యాసం ఉంది కదా, విసుగు రాకుండా బతకడం ఎలా అని. అక్కడ ‘ఎ’ మూడింటికి దూరంగా ఉండమంటాడు: స్నేహం, పెళ్లి, ఉద్యోగ బాధ్యత. రెండో ఉత్తరం చివరికొచ్చేసరికి విలియం సరిగ్గా ఆ మూడూ ఒక్కొక్కటిగా తీసుకుంటాడు. బతుకుతెరువు కోసం పనిచేయడంలో ఉన్న గౌరవం, ప్రతి మనిషికీ తనదంటూ ఒక పని ఉందన్న నమ్మకం, పెళ్లి, స్నేహం. అంటే నిబద్ధత అనగానే పెళ్లి ఒక్కటే కాదు. స్నేహితుణ్ణి ఇన్నేళ్లుగా వదలకుండా, జవాబు రాకపోయినా వందల పేజీల ఉత్తరాలు రాయడం కూడా విలియం నిబద్ధతే కదా. ‘ఎ’ తిరిగి రాసినట్టు ఎక్కడా లేదు. సంపాదకుడు కూడా ఎవరు ఎవరిని ఒప్పించారో కథ ముగించలేదు, అదే మంచిది అంటాడు ముందుమాటలో.

స్త్రీల గురించి ఎదురుగాలి గారు అన్నదానితో మాత్రం పూర్తిగా ఏకీభవిస్తాను. అక్కడ విలియంని సమర్థించలేను, సమర్థించాల్సిన అవసరమూ లేదు.

సగంపేజీ:

అందరికీ ధన్యవాదాలు. పంట మార్పిడికీ రెండో ఉత్తరానికీ ఉన్న ఆ లింకు నేను అసలు గమనించలేదు, మళ్లీ తీసి చూశాను, నిజంగానే ఉంది.

కానీ నా మొదటి ప్రశ్నకి ఇంకా ఎవరూ పూర్తిగా రాలేదు. విలియం చెప్పింది నిజమైతే, అది నిజమని కీర్కెగార్డ్‌కి తెలిస్తే, రెగినెని ఎందుకు వదిలేశాడు? వదిలేసిన మనిషికి విలియం దగ్గర చోటు ఉందా? ఇది అడగడానికి నాకు ఒక కారణం ఉంది. నేను ‘కాదు’ అని చెప్పాల్సి వస్తే, ఆ ‘కాదు’ అన్నవాడు కూడా నిజాయితీగల మనిషి కాగలడా, లేక ‘అవును’ అన్నవాళ్లకే ఆ గౌరవమా?

మూడోఅర:

ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను, ఈ ప్రశ్న చూశాక రాయాలనిపించింది.

సగంపేజీ గారూ, విలియం పెళ్లికి పెట్టే షరతుల్లో ఒకటి గుర్తుందా? దాపరికం ఉండకూడదు. రహస్యం పెళ్లిని చంపేస్తుంది అంటాడు. మొదటి ఉత్తరంలో దీని మీద చాలా పేజీలు ఉన్నాయి. రెండో ఉత్తరంలో ఇంకా ముందుకెళ్లి, తనని తాను తెరిచి చూపించుకోలేని మనిషి ప్రేమించలేడు, ప్రేమించలేనివాడికంటే దౌర్భాగ్యుడు లేడు అన్నంత మాట అంటాడు. ఇప్పుడు ఇది రాసిన చెయ్యి ఎవరిదో గుర్తుచేసుకోండి. తన దిగులు గురించి, తండ్రి మీద, ఇంటి మీద పడిన నీడ గురించి రెగినెకి చెప్పలేననీ, చెప్పకుండా పెళ్లి చేసుకోలేననీ నలిగిపోయిన మనిషిది. ఆ విషయం ఆయన డైరీల్లో ఉంది. నాకు విశ్వాసం ఉండి ఉంటే రెగినెతోనే ఉండిపోయేవాణ్ణి అని 1843 మేలో, అంటే పుస్తకం వచ్చిన మూడు నెలలకి, రాసుకున్నాడు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. విలియం కీర్కెగార్డ్ నోట్లోంచి వచ్చిన మాట కాదు, ఓడించడానికి పెట్టిన బొమ్మా కాదు. తన మీద కేసు పెట్టగల మనిషిని కల్పించి, వాడిని జడ్జిని చేసి, కావలసినంత సమయం ఇచ్చి మాట్లాడనిచ్చాడు. వాడి వాదనని బలహీనం చేయలేదు. తాను ఓడిపోయిన చోటే వాడిని గట్టిగా నిలబెట్టాడు. 1846లో మారుపేర్లన్నీ తనవేనని ఒప్పుకుంటూనే, ఆ పుస్తకాల్లో ఒక్క మాట కూడా నాది కాదు, ఎవరైనా ఉదహరిస్తే ఆ మారుపేరుతోనే ఉదహరించండి అని వేడుకున్నాడు. చాలామంది దాన్ని ఒక సాహిత్య చమత్కారంలా తీసుకుంటారు. నాకైతే అందులో మర్యాద కనిపిస్తుంది, విలియం చెప్పింది నేను చెప్పాను అనిపించుకునే హక్కు నాకు లేదు, నేను అలా బతకలేదు అన్నట్టు.

ఇక ‘కాదు’ అన్నవాడి సంగతి. రెండో ఉత్తరం చివరి పేజీలు మళ్లీ చదవండి, అలసిపోయి చదివి ఉంటారు, అందరం అలాగే చదువుతాం. అక్కడ విలియం, అందరూ బతికే మామూలు దారిలో బతకలేని మనిషి గురించి మాట్లాడతాడు. వాడిని వెలివేయడు. కానీ రెండు పనులు అడుగుతాడు. పోగొట్టుకున్నది విలువైనదని ఒప్పుకో, దాని కోసం బాధపడు. నీ మినహాయింపుని గొప్పతనంగా చెప్పుకోకు. ద్రాక్ష అందలేదని పుల్లన అనకు అన్నట్టే అనుకోండి. పెళ్లి వ్యర్థం అని వెళ్లిపోయినవాడు ‘ఎ’. అది విలువైనదే, నా వల్ల కాలేదు, ఆ బరువు నాది అని వెళ్లినవాడు వేరే మనిషి. బయటికి ఇద్దరూ ఒకేలా ఒంటరిగా కనిపిస్తారు.

మీ విషయంలో నేను సలహా ఇవ్వలేను, మీ సంగతి నాకేం తెలుసు. కానీ మీ రెండేళ్ల నాన్చుడులో ‘అవును’, ‘కాదు’ కంటే ముందు ఇంకో ప్రశ్న ఉందేమో చూడండి, ఆ మనిషికి చెప్పకుండా దాచినది ఏదైనా ఉందా అని.

ఎదురుగాలి:

మూడోఅర గారి సమాధానంతో నేను కొంత తగ్గాను. తన మీద కేసు పెట్టగల జడ్జి అన్న చూపు నాకు తట్టలేదు, ఇప్పుడు ఆ చివరి ప్రసంగం కూడా నాకు కొత్తగా కనిపిస్తోంది, విలియం కూడా ఎప్పుడూ తప్పే అన్న గుంపులోకి వచ్చేస్తున్నాడు కదా, తీర్పు చెప్పే కుర్చీ దిగి.

భార్య విషయంలో నా అభ్యంతరం అలాగే ఉంది. కానీ న్యాయంగా ఒకటి చెప్పాలి. విలియం 1845లో వచ్చిన ‘స్టేజెస్ ఆన్ లైఫ్స్ వే’లో మళ్లీ కనబడతాడు, సగంపేజీ గారు తర్వాత అదే చదవండి. మొదటి భాగంలో ఐదుగురు మగాళ్లు రాత్రంతా విందులో కూర్చుని స్త్రీ గురించి, ప్రేమ గురించి ఒకరి తర్వాత ఒకరు ప్రసంగాలు చేస్తారు, మన విక్టర్ ఎరెమిటా కూడా ఉంటాడు, ఆ డైరీ రాసిన మనిషి కూడా ఉంటాడు. తెల్లారి నడుచుకుంటూ వస్తుంటే ఒక తోటలో దంపతులు టీ తాగుతూ కనబడతారు. విలియం, ఆయన భార్య. వీళ్లు చాటుగా నిలబడి చూస్తారు. అంత వాగ్ధాటి ఉన్నవాళ్లు ఆ పొద్దున బయట నిలబడి వేరేవాళ్ల టీ చూస్తుంటారు. అక్కడ ఆమె మాట్లాడుతుంది! నువ్వు పెళ్లి చేసుకోకపోయి ఉంటే లోకంలో ఇంకా గొప్పవాడివి అయ్యేవాడివి అని భర్తతో అంటుంది. ఆయన మొదట సరదాగా దాటవేయబోతాడు, ఆమె వదలదు.

సగంపేజీ:

ఆయన జవాబు ఏమిస్తాడు?

ఎదురుగాలి:

నాకు తృప్తినిచ్చే జవాబు ఆ తోటలో దొరకలేదు. వాళ్లు లోపలికి వెళ్లాక విక్టర్ కిటికీలోంచి దూకి విలియం రాసుకున్న కాగితాలు దొంగిలిస్తాడు, అవి పెళ్లి మీద వచ్చిన అభ్యంతరాలకి ఆయన రాసిన సమాధానాలు, పుస్తకంలో తర్వాతి భాగం అదే. నేను రెండుసార్లు చదివాను, ఆమె అడిగినదానికి అందులో సమాధానం ఉందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. మీరు చదివాక ఇక్కడికే వచ్చి చెప్పండి.

సగంపేజీ:

తప్పకుండా. ముందు ఒక ఉత్తరం రాయాల్సి ఉంది. ‘అవును’ అనీ కాదు, ‘కాదు’ అనీ కాదు, మూడోఅర గారు అడిగారే, అది.